నురగకి మైలేజీ రాదు

మా మావయ్యగారు పోయారన్న కబురు నాకు నర్సాపురం రేవులో అందింది. రైలుకి వెళ్ళాల్సిన వాళ్ళను స్టేషన్లో దింపి తిరిగి వస్తున్నాను. బండ్లను ఏరు దాటించే పంటు అవతల సఖినేటిపల్లి ఒడ్డున ఉంది. వరసలో నా కారు నాలుగోది. ఇంజను ఆపి, అద్దాలు దించి కూర్చున్నాను. సెల్‌ఫోను మోగింది. మా ఆయన.

“నాన్నగారు ఇంక లేరే. అన్నం తిని పడుకున్నారు. టీకి లేపితే లేవలేదు. నువ్వు కంగారుపడి తోలుకురాకు. పంటు ఎప్పుడొస్తే అప్పుడే రా.”

పంటు గోదావరి దాటి రావడానికి ఇంకా అరగంట పడుతుంది. నా చెయ్యి దానంతటదే తాళం మీదికి వెళ్ళింది. ఇంజను తిరుగుతూ ఉంటే ఇంటికి కాస్త దగ్గరవుతున్నట్టు ఉంటుందనిపించింది కాబోలు. వెంటనే వెనక్కి తీసుకున్నాను. ఏళ్ళ తరబడి ఆ రేవులో ఇంజను ఆపే కూర్చుంటున్నాను. ఆ అలవాటు చేసినాయన పోయిన రోజునే దాన్ని తప్పితే ఆయన ఎక్కడున్నా ఊరుకోరు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇంజను మాత్రం వెయ్యలేదు.

ముందు అద్దానికి మావయ్యగారు పొద్దున్న కట్టి ఇచ్చిన దండ వేలాడుతోంది. నందివర్ధనాలు, మధ్యలో రెండు కనకాంబరాలు. రేవు గాలికి కొద్దిగా కదులుతోంది.

ఆయన పెద్ద పేరున్న మనిషేమీ కాదు. రిటైరైన బస్సు డ్రైవరు. రాజోలు దగ్గర మా ఊరు దాటితే ఆయన్ని ఎరిగినవాళ్ళు బస్సెక్కినవాళ్ళే. అయినా ఆయన గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. చదివేవాళ్ళలో బండి నడిపేవాళ్ళుంటే వాళ్ళకు కాస్త ఉపయోగం కూడా.

ఆయన దగ్గర మైలేజీ కొలిచే పరికరం ఒకటే, ఆ దండ. అందరు డ్రైవర్లూ దేవుడి కోసం కడతారు. ఆయనా దేవుడి కోసమే కట్టేవారు గాని, చూపు మాత్రం దాని కొస మీదే ఉండేది. దండ వెనక్కి వాలిందంటే కాలు గట్టిగా తొక్కావన్నమాట. ముందుకి ఊగిందంటే బ్రేకు వేశావన్నమాట. “దండ ఊగకుండా ఊరు చేరితే డీజిలు మిగిలినట్టేనమ్మా. అది దేవుడికీ హాయే, ఇంజనుకీ హాయే, వెనకాల కూర్చున్నోళ్ళకీ హాయే,” అనేవారు. ఆయన బస్సులో చంటిపిల్లలు రాజోలులో నిద్రపోతే అమలాపురం దాకా లేచేవారు కాదని మా అత్తగారు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

డిపోలో గోడకి ఒక నల్లబల్ల ఉండేదట. ఏ డ్రైవరు లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తీశాడో నెలనెలా దాని మీద రాసేవారు. మావయ్యగారి పేరు ఏళ్ళ తరబడి మొదటి వరసలోనే. ఒక్క తుపాను నెలలో మాత్రం అడుక్కి దిగింది. చెట్లు పడి, గట్లు తెగి, ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ నడిపిన నెల అది. గుమాస్తా జాలిపడి, “ఈ నెల మీ పేరు ఒదిలేద్దాం లెండి,” అన్నాడట. ఈయన సుద్దముక్క తీసుకుని తన అంకె తనే రాసి వచ్చారు. ఈ కథ ఆయన నాకు చెప్పిన సందర్భం వేరు. నేనొక అబద్ధం ఆడిన రోజున చెప్పారు.

తొంభైల చివరి మాట. మా ఆయన మస్కట్‌లో లారీ తోలేవారు. పెళ్ళైన ఆరేళ్ళలో మేం కలిసి ఉన్నది వేళ్ళ మీద లెక్కపెట్టే నెలలు. అక్కడ కూడబెట్టిన దాంతో సెకండ్‌హ్యాండు డీజిలు అంబాసిడరు ఒకటి కొనిపించారు. అద్దెలకు తిప్పి, అది ఇంటిని నిలబెడితే ఆయన వచ్చేస్తారు. నిలబెట్టకపోతే ఇంకో రెండేళ్ళకు అక్కడ సంతకం పెడతారు. మాకు కారంటే అదీ. అది నడిస్తే మనిషి ఇంటికొస్తాడు, నడవకపోతే రాడు.

పెట్టుకున్న డ్రైవరు నాలుగు నెలలు నడిపి తాళాలు గుమ్మంలో పెట్టాడు. “ఇది కారు కాదండీ, కల్లుకుండ. ఎంత పోసినా తాగేస్తోంది,” అని చెప్పి చక్కాపోయాడు. మావయ్యగారే నడుపుదురు గాని, అప్పటికే శుక్లాలతో చూపు మందగించింది. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని నన్ను పిలిచారు.

“అమ్మాయ్, సైకిలు తొక్కుతావు కదా?”

“ఆయ్, తొక్కుతానండి.”

“అయితే కారూ తొక్కుతావు. పొద్దున్నే చెప్పులు విప్పేసి రా.”

మా అత్తగారు గుండెలు బాదుకున్నారు. వీధిలో వాళ్ళు నవ్వారు. ఆడమనిషి కారు నడిపితే కాలవలోకే అని ఒకాయన పందెం కూడా కాశాడు. ఆయన పందెం ఏమైందో నాకు తెలీదు గాని, నేను కాలవలోకి దిగలేదు.

మావయ్యగారి దగ్గర నేర్చుకోవడమంటే ముందు కాళ్ళు కడుక్కోవడం. ఉత్తి పాదంతో తొక్కితేనే పెడలు కింద ఇంజను ఊపిరి తెలుస్తుందనేవారు. ఆయన పక్క సీట్లో కూర్చున్నా సరే, గుడి మెట్ల దగ్గర విప్పినట్టు చెప్పులు కారు బయట విప్పి లోపలికి ఎక్కేవారు. కారు కదిలిపోయేది. చెప్పులు రోడ్డు మీదే ఉండిపోయేవి. అలా రాజోలులో ఒక జత, తాటిపాకలో ఒక జత, మలికిపురంలో రెండు జతలు పోయాయి. లీటరులో చుక్క పోతే ఓర్చుకోలేని మనిషి, చెప్పులు పోతే మాత్రం పట్టించుకునేవారు కాదు.

డీజిలు కొట్టించడం ఇంకో తతంగం. ఎప్పుడూ ఒకటే బంకు, ఒకటే చోటు, కారు ముఖం తూర్పుకే. ట్యాంకు మెడ దాకా పోయించి, కారు వెనక భాగం పట్టుకుని ఊపేవారు. డీజిలు నురగ కడుతుంది. ఆ నురగ దిగాక మళ్ళీ పోయించేవారు. వెనకాల బండ్లు హారన్లు కొడుతుంటే బంకు కుర్రాడు, “నిండిపోయింది కదండీ తాతగారూ,” అని విసుక్కునేవాడు. “నిండింది నురగరా అబ్బాయ్. నురగకి మైలేజీ రాదు. దిగనీ,” అనేవారు. ఆయన ఆ మాటని డీజిలుకే కాదు, మనుషులకీ, పెళ్ళిళ్ళకీ, ఎలక్షన్లలో ఇచ్చే హామీలకీ కూడా వాడేవారు.

నేను అద్దెలకు తిప్పడం మొదలుపెట్టిన రెండు నెలలకు మా ఆయన ఫోను చేస్తానన్న రోజు వచ్చింది. రాజోలు ఎస్టీడీ బూతుకి వెళ్ళాం. “కాయితం నా ముందర పెట్టేరే. నెలాఖర్లోగా సంతకం పెట్టాల. కారు ఎలాగుంది? ఎంతిస్తోంది?” అని అడిగారాయన. గొంతులో అలసట నాకు తెలిసిపోయింది. కారు ఇస్తున్నది పది. నా నోట్లోంచి వచ్చింది పద్నాలుగు.

అవతల ఆయన నవ్వు వినిపించింది. “అయితే సంతకం పెట్టనే,” అన్నారు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

మా ఊరి కాలవ గట్టెక్కాక కారు ఆపమన్నారు.

“వాడికి ఎంతొస్తోందని చెప్పేవమ్మా?”

“పద్నాలుగండి.”

“ఎంతొస్తోంది?”

“పదండి.”

అప్పుడు చెప్పారు నల్లబల్ల కథ. చెప్పి, “వాడు ఉద్యోగం ఒదులుకుని వస్తాడు. వచ్చిన వారానికే డీజిలు కొట్టించి చూస్తాడు. అప్పుడు నమ్మకం పోయేది కారు మీద కాదు, నీ మీద. అబద్ధం చెప్పి మనిషిని ఇంటికి రప్పించకు. రెండే దార్లు. ఇప్పుడే వెనక్కెళ్ళి నిజం చెప్పు. లేదూ, నెలాఖర్లోగా ఆ అంకెని నిజం చెయ్యి,” అన్నారు.

“నిజం చేస్తానండి,” అన్నాను. మొండితనంతో అన్నానో సిగ్గుతో అన్నానో ఇప్పటికీ తెలీదు.

“చేస్తానన్నాక చెయ్యాల. నేను పక్కనుంటాను. నెలాఖరికి రాకపోతే ఫోను నేనే చేస్తాను.”

మర్నాటి నుంచి ఇంట్లో ఇంకో మాట లేదు. చక్రాల్లో గాలి చూశాం. గాలి ఫిల్టరు దులిపితే అందులో ఒక పొలానికి సరిపడా దుమ్ము. డిక్కీ తెరిచి చూస్తే గోనెసంచిలో పీచుతో సహా యాభై కొబ్బరికాయలు. మా అత్తగారివి. కారు ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్ళో చుట్టాలకు ఇవ్వడానికని ఎప్పుడూ సిద్ధంగా పెట్టేవారట. ఈయన దింపితే ఆవిడ మళ్ళీ ఎక్కించేవారు. “ఒట్టి చేతుల్తో చుట్టాలింటికి వెళ్తామా, మన పరువేం కాను?” అని ఆవిడ. “నీ పరువు మణుగులు తూగుతోందే,” అని ఈయన. చివరికి పీచు ఒలిచినవి, పది కాయలకు మించకుండా అని రాజీ కుదిరింది.

ఇంత చేసినా పదకొండు దాటలేదు. అప్పుడు మావయ్యగారు అమలాపురం వైపు వెళ్ళొచ్చినప్పుడు ఒకసారి, నర్సాపురం వైపు వెళ్ళొచ్చినప్పుడు ఒకసారి ట్యాంకు నింపించి వేరువేరుగా చూశారు. అమలాపురం వైపు పద్నాలుగుకి దగ్గర్లో వచ్చింది. నర్సాపురం వైపు తొమ్మిదిన్నర. మా అద్దెల్లో సగం పైన నర్సాపురం వైపే. రైలు అక్కడుంది, ఆ పైన భీమవరం ఆసుపత్రులు.

“మధ్యలో గోదారి గాని తాగేస్తోందా?” అన్నారు ఆశ్చర్యంగా. ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపారు గాని, బస్సెప్పుడూ రేవు ఒడ్డునే ఆగిపోయేది. పంటు మీదికి బండి ఎక్కించిన అనుభవం ఆయనకు లేదు. మర్నాడు నాతో బయల్దేరారు.

అప్పటికి గోదావరి మీద చించినాడ వంతెన ఇంకా కట్టలేదు. సఖినేటిపల్లి రేవులో ఆ రోజు పది బండ్లు ముందున్నాయి. ఇంజను తిరుగుతూనే ఉంది. నాదే కాదు, అందరివీ. ఆ రేవు ఆచారం అది. పాత డీజిలు బండి ఆపితే మళ్ళీ అంటుకోదని భయం. పంటు వచ్చిన క్షణానికి బండి కదలకపోతే వంతు పోతుంది, వెనకవాడు ఎక్కేస్తాడు. నాకు ఆ పాత డ్రైవరు నేర్పి వెళ్ళిన ఒకే ఒక్క పాఠం కూడా అదే, రేవులో ఇంజను ఆపొద్దని. గంట గడిచింది. పొగ, దడదడ. మావయ్యగారు ముందుకు వంగి, మీటరు దగ్గరగా ముఖం పెట్టి చూస్తున్నారు.

“అమ్మాయ్, ఈ అంకె ఎంతసేపట్నుంచి ఇలాగే ఉంది?”

“మనం వచ్చిన కాడ్నించీ ఇంతేనండి. బండి కదల్లేదు కదండీ.”

“మరి డీజిలు?”

అప్పుడు వెలిగింది నాకు. పోతూ గంట, వస్తూ గంట, ఒక్క కిలోమీటరు కూడా కదలకుండా ఇంజను తాగుతూనే ఉంది. రేవులో ఉన్న పది బండ్లకీ ఆ సంగతి తెలుసు. తెలిసే, వంతు కోసం తాగిస్తున్నారు.

“ఆపమ్మా,” అన్నారు.

ఆపాను. పంటు వచ్చింది. తాళం తిప్పాను. కిర్రుమంది, ఊరుకుంది. మళ్ళీ తిప్పాను. ఈసారి కిర్రు కూడా లేదు. వెనకాల హారన్లు. నెట్టి స్టార్ట్ చేద్దామంటే ముందంతా దిగుడు, దిగువన గోదావరి. బండ్లన్నీ నన్ను దాటుకుని ఎక్కేశాయి. నా కారులో భార్యాభర్తలు ఉన్నారు, రైలుకి వెళ్ళాలి. సామాను నెత్తిన పెట్టుకుని పరుగెడుతూ ఆవిడ, “ఆడకూతురు బండెక్కడం మాదే తప్పు,” అని అందరూ వినేలా అంది.

పంటు వెళ్ళిపోయాక స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. “రేపట్నుంచి ఆపనండి మావయ్యగారూ. నా వల్ల కాదు,” అన్నాను.

“రేపు కూడా ఆపాల,” అన్నారాయన. గొంతు పెంచలేదు. “బండి అంటుకోకపోడం ఇంజను ఆపిన తప్పు కాదమ్మా. బ్యాటరీ చూసుకోని తప్పు. తప్పు ఎక్కడుందో అక్కడ దిద్దాల గాని, పక్కన దిద్దితే ఎలాగ?”

నలుగురి చేత కారుని గట్టు మీదికి వెనక్కి నెట్టించి, మెరక మీద స్టార్ట్ చేయించి ఇంటికి తెచ్చాం. ఉప్పుగాలికి బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగా పొక్కు కట్టి ఉంది. ఆ పూటే వేణ్ణీళ్ళు పోసి కడిగి గ్రీజు రాశాం. ఇంజనుని వేడెక్కించే ప్లగ్గుల్లో రెండు చచ్చిపోయాయి, మార్పించాం. మర్నాడు రేవులో దిగుడుకి ముందే, చదునుగా ఉన్నచోట ఆపమన్నారు. పంటు నడిగోదావరికి వచ్చాక స్టార్ట్ చెయ్యమన్నారు. అంటుకోకపోతే నెట్టుకోవడానికి వ్యవధి ఉంటుంది. తాళం తిప్పాను, ఒక్క తిప్పుకి అంటుకుంది. మావయ్యగారు జేబులోంచి వేరుశనగకాయలు తీసి నా చేతిలో పోశారు.

ఆ నెలంతా ఒక్కరోజూ తప్పలేదు. మూడోవారానికి వెనకనున్న జీపతను కూడా ఆపడం మొదలుపెట్టాడు. తర్వాత ఇంకొకరు. ఒక మధ్యాహ్నం వరసలో అన్ని బండ్లూ ఆగి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న రేవే, ఒడ్డుకి నీళ్ళు తగిలే చప్పుడు అందులో కూర్చుని మొదటిసారి విన్నాను.

నెలాఖరున బంకులో నురగ దిగేదాకా నిలబడ్డాం. ఆయన వేళ్ళ మీద, నేను కాగితం మీద లెక్క వేశాం. పదమూడున్నర. నేను ఎగిరి గంతేశాను. “పద్నాలుగు కిందే లెక్క కదండీ,” అన్నాను. ఆయన నా వంక అలా చూశారు. నేరుగా బూతుకి నడిచాను.

“ఏవండీ, పద్నాలుగని చెప్పేను కదా. అప్పుడది అబద్ధం. అప్పటికి పదే. ఇప్పుడు పదమూడున్నర. ఇది నిజం,” అన్నాను మా ఆయనతో.

“అర కిలోమీటరు తగ్గిందని ఇంత దూరం ఫోను చేసేవా?” అన్నారు. తర్వాత నవ్వారు. “ఇది నాన్నగారి పని,” అన్నారు. సంతకం పెట్టలేదు. వచ్చేశారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ వెళ్ళలేదు.

నా సంసారం ఆ పదమూడున్నర మీద నిలబడింది. ఈ మాట మావయ్యగారు ఉండగా ఆయనతో చెప్పలేదు. చెప్తే, “దండ చూసుకో,” అని ఉండేవారు. అయినా చెప్పాల్సింది.

తర్వాత వంతెన వచ్చింది, అయినా నర్సాపురానికి రేవే దగ్గర దారి. కొత్త బండ్లు వచ్చాయి, మేమూ ఒకటి మార్చాం. మా ఆయన చక్రం పడితే దండ ఉయ్యాల ఊగుతుంది. మావయ్యగారు వెనక సీట్లోంచి, “మస్కట్‌లో ఇసక తప్ప ఏం లేదు కాబట్టి సరిపోయిందిరా,” అని దెప్పేవారు. కళ్ళు ఆపరేషను అయినా చిన్న అక్షరాలు ఆనేవి కావు. పేపరులో బండ్ల గురించి ఏమొచ్చినా నేనే చదివి వినిపించేదాన్ని.

ఓసారి హైబ్రిడ్ కార్ల గురించి వచ్చింది. పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉంటుందనీ, బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే బలాన్ని బ్యాటరీలోకి పట్టుకుంటుందనీ చదివాను.

“బ్రేకు వెయ్యకుండా నడిపితే అంతకన్నా మిగులుద్ది కదమ్మా,” అని కొట్టిపారేశారు. నేను ఊరుకోకుండా మిగతాది కూడా చదివాను. బండి ఆగిన చోట ఇంజను దానంతటదే ఆగిపోతుందనీ, కదలాలంటే మళ్ళీ అదే అంటుకుంటుందనీ ఉంది.

ఆయన లేచి కూర్చున్నారు. “మళ్ళీ చదువు,” అన్నారు. చదివాను. “దానంతటదే?” అన్నారు. కాసేపు కాలవ వైపు చూసి, “మనం రేవులో ఏడ్చి ఏడ్చి నేర్చుకున్నాం. దానికి పుట్టుకతోనే వచ్చేసింది,” అన్నారు. ఆ కాగితం కత్తిరించి దిండు కింద పెట్టుకున్నారు. అలాంటి కారు కళ్ళారా చూడలేదు. చూపిద్దామని అనుకుంటూనే ఉన్నాను. ఆ ఒక్కటీ నాకు మిగిలిన బాకీ.

ఆయన పోయిన రోజు చివరికి పంటు వచ్చింది. దాటాను. సఖినేటిపల్లి నుంచి మా ఊరి దాకా రోడ్డంతా ఖాళీ. కాలు గట్టిగా తొక్కితే పావుగంట ముందు చేరేదాన్నేమో. తొక్కలేదు. గుంటలు ముందే చూసుకుని, మలుపులకు ముందే కాలు తీసి, ఆయన పక్కనుంటే ఎలా నడుపుతానో అలాగే నడిపాను. వాకిట్లో జనం. మా ఆయన ఎదురొచ్చి తలుపు తీశారు. ముందు అద్దానికి ఊగకుండా ఉన్న దండ వంక చూసి, నా వంక చూశారు. నేను చెప్పులు కారులోనే వదిలేసి దిగాను.

దినాలు అయిపోయాయి. మళ్ళీ అద్దెలకు వెళ్తున్నాను. కొత్త దండ కడతానని అత్తగారు రోజూ అంటున్నారు, నేనే వద్దంటున్నాను. ఆయన చివరిగా కట్టింది అలాగే ఉంది. నందివర్ధనాలు గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయాయి. పచ్చిగా ఉన్నప్పటి బరువు ఇప్పుడు లేదు, కిటికీలోంచి వచ్చే గాలికే కదిలిపోతోంది. అందుకని ఉక్కపోసినా అద్దం పైకెత్తి, ఇంకా మెల్లగా తొక్కుతున్నాను.